పట్టా లేని నేల

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలకూ సముద్రం లేదు. అయినా ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఈ ఊళ్లలో కొన్ని ఇళ్లకు తాళాలు పడతాయి. జనగామలోనో మహబూబాబాద్‌లోనో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఖమ్మం, విజయవాడ, తెనాలి దాటి బాపట్లలో దిగుతారు. అక్కడి నుంచి సూర్యలంక బీచ్ తొమ్మిది కిలోమీటర్లు. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి అక్కడివాళ్లు వరంగల్ దాకా బస్సులో వచ్చి రైలందుకోవాలి, లేదంటే రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక తుఫాన్ బండి మాట్లాడుకోవాలి. వందల కిలోమీటర్లు పోయి, చెప్పులు చేత పట్టుకుని, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఉప్పు నీళ్లలో కాసేపు నిలబడి, ఫొటోలు దిగి, వేయించిన చేపలు తిని, ఆ రాత్రికే తిరుగుదారి పడతారు. ఇంత దూరం పోయి చేసుకొచ్చిన పనేమిటని లెక్క తీస్తే ఏమీ తేలదు. ఆ ఏమీ చేయకపోవడం కోసమే పోయారా అన్నది మనం కాస్త నిదానంగా ఆలోచించదగిన ప్రశ్న.

మొదట తోచే జవాబు, నీళ్లంటే మనిషికి సహజంగానే ఇష్టమని. చెరువు అలుగు దూకుతుంటే ఊరంతా చూడబోవడం, వానాకాలంలో గూడూరు అడవిలోని భీమునిపాదం జలపాతం కింద తల పెట్టడానికి కుర్రాళ్లు బండ్లేసుకుని పోవడం మనకు తెలిసినవే. కానీ సహజం అన్నామంటే అది అన్ని కాలాల్లోనూ అన్ని చోట్లా ఉండాలి. యూరప్‌లో పద్దెనిమిదో శతాబ్దం నడిమిదాకా సముద్రపు ఒడ్డంటే చాలామందికి భయమూ ఏవగింపూ ఉండేవని ఫ్రెంచి చరిత్రకారుడు అలెన్ కోర్బిన్ 1988లో ఒక పుస్తకమే రాశాడు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు గ్రంథుల జబ్బులకు సముద్రపు నీళ్లు మంచి మందని రాశాక, డబ్బున్నవాళ్లు బ్రైటన్‌కు బారులు కట్టారు. అంటే ముందు వచ్చింది వైద్యుడి చీటీ, సరదా ఆ వెనక వచ్చింది. తర్వాత రైళ్లు వచ్చాయి. 1871లో బ్రిటన్ పార్లమెంటు బ్యాంకు సెలవుల చట్టం చేసింది. మిల్లు కూలీల కుటుంబాలు గుంపులు గుంపులుగా ఒడ్డుకు చేరింది రైలూ సెలవూ రెండూ దొరికాకే. మన దగ్గర కూడా సముద్ర స్నానం రోజూ చేసేది కాదు. పౌర్ణమికో, అమావాస్యకో, గ్రహణానికో చేసేది. మిగిలిన రోజుల్లో సముద్రాన్ని ముట్టరాదని పెద్దలు చెప్పేవాళ్లు.

కాబట్టి ఆ ఇష్టం పుట్టుకతో వచ్చిందో అలవాటుతో వచ్చిందో ఇప్పుడే తీర్పు చెప్పలేం. ఒకటి మాత్రం కనబడుతోంది. ఇష్టం ఎక్కడ పుట్టినా అది తీరడానికి ఒక రోజు సెలవు కావాలి, దారి ఖర్చు కావాలి, వెనక ఇంట్లో పశువులకు ఇంత మేత వేసే మనిషి కావాలి. మిరప తోటలో రోజు కూలికి కాయలు ఏరే మనిషికి సముద్రం ఇష్టమా కాదా అని అడగడానికి ముందు, ఇష్టపడే తీరిక ఆమెకు ఎన్నడైనా ఇచ్చామా అని అడగాలి. ఒడ్డు అందరిదీ అని చెప్పడం తేలిక. అక్కడికి చేరే దారి అందరిదీ కాదు.

జనగామ వైపు రైతును సముద్రం ముందు నిలబెట్టి చూడండి. ఐదారు వందల అడుగులు బోరు దింపితే దుమ్ము లేచిన నేల నుంచి వచ్చిన మనిషి. ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఇంచుమించు ఇలా ఉంటుంది: ఇన్ని నీళ్లుండి ఒక్క మడికి పనికిరావు కదా! ఆ మాటలో వెటకారం ఉంది, బాధ ఉంది, లెక్క కూడా ఉంది. జీవితమంతా నీటిని తడుల్లో కొలిచిన మనిషి ఇంకోలా ఎలా చూస్తాడు? కానీ ఆ మాట అన్నాక ఆయన వెనక్కి తిరిగి పోడు, అక్కడే నిలబడతాడు. పనికిరాదని తేలిపోయిన నీటిని ఇంకా చూస్తూనే ఉంటాడు. మనకు పట్టుకోవలసిన క్షణం అదే. జర్మన్ తత్వవేత్త కాంట్ 1790లో అచ్చయిన గ్రంథంలో అందం గురించి చెబుతూ, వస్తువు మన ఏ అవసరానికీ రాకపోయినా కలిగే ఇష్టమే అందాన్ని గుర్తించడమన్నాడు. కాంట్ పేరు వినని రైతు కూడా సూర్యలంకలో అదే గడప దాటుతున్నాడు. ప్రతి నీటి చుక్కా పైరుగా, ప్రతి చెక్క నేలా పెట్టుబడిగా కనబడే బతుకులో, దేనికీ పనికిరానంత సమృద్ధిని కాసేపు కేవలం చూడటం చిన్న విషయం కాదు.

సింగరేణి మనిషిది ఇంకో చూపు. భూపాలపల్లిలో బొగ్గు బాయి దిగే కార్మికుడు షిఫ్టంతా నెత్తిమీది దీపం వెలుగు పడినంత మేరే చూస్తాడు. పైకప్పు ఎంత ఎత్తున ఉందో చూసుకోవడం అక్కడ ప్రాణం మీది పని. అలాంటివాడికి కప్పే లేని చోటు ఎలా ఉంటుందో బయటి ఉద్యోగాల్లో ఉన్న మనం ఊహించుకోవలసిందే. ఇక్కడ ఒక సిద్ధాంతం కట్టాలని బుద్ధి పుడుతుంది. ఎవరికి ఇంటి దగ్గర ఏది కరవో దాన్ని ఒడ్డు దగ్గర వెతుక్కుంటారు, రైతుకు నీళ్లు, బాయి కార్మికుడికి ఆకాశం, పట్నంలో ఇరుకు గదివాడికి జాగా అని. వినడానికి బాగుంది. అయితే సూర్యలంక ఒడ్డునో వాడరేవు ఒడ్డునో సాయంత్రం పూట చూస్తే ఈ సిద్ధాంతం నిలవదు. అలల అంచున అందరికంటే ఎక్కువ అరుపులతో ఆడేది ఆ ఒడ్డునే పుట్టిన జాలరి పిల్లలు. వాళ్లకు సముద్రం కరవు కాదు. రోజూ ఇంటి ముందరే ఉన్నది. అయినా రోజూ పరుగెత్తుతారు. లేనిదాన్ని వెతుక్కోవడం ఒక్కటే కారణం కాదన్నమాట.

ఆ పిల్లల తండ్రులు మాత్రం సముద్రాన్ని చూస్తూ నిలబడరు. వాళ్లు చూసేది గాలి మళ్లిందా, వల ఎక్కడ చిరిగింది, ధర ఎంత పలుకుతుందన్నది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరపడవల వేట నిషేధం. ఇంచుమించు మన పిల్లలకు బడి సెలవులు ఉండే రోజులవి. మనకు సెలవు దొరికినప్పుడు వాళ్లకు పని పోతుంది. ఇసుక మీద వరసగా లాగి పెట్టిన పడవల పక్కన మనం ఫొటోలు దిగుతాం, ఆ పడవ అంచు మీద కూర్చుని వల అల్లుకునే మనిషి మన ఫొటోలో ఒక మూలన పడతాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఆ ఒడ్డు ఆయనకు కార్ఖానా వంటిది, మనకు ఆటస్థలం. ఒకే నేల రెండు రకాలుగా ఉండగలదని గుర్తుండటం మర్యాదలో మొదటి పాఠం అనుకుంటాను. సీసాలు పగలగొట్టి ఇసుకలో వదిలేసి వచ్చేవాళ్లకు ఈ పాఠం అందలేదని చెప్పక తప్పదు, ఉత్త కాళ్లతో వల లాగేవాడి అరికాలు వాళ్లకు తోచదు.

సముద్రం దాకా పోలేనివాళ్లకు, పోవాలని లేనివాళ్లకు భూపాలపల్లి జిల్లాలోనే కాళేశ్వరం ఉంది. అటువైపు మహారాష్ట్ర సిరొంచ, ఇటువైపు మన ఘాట్లు, నడుమ ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఎండాకాలంలో నీటి దాకా చేరాలంటే కాలే ఇసుక మీద చాలా దూరం నడవాలి. కంటికి కనబడేవి రెండు నదులు. మూడోది సరస్వతి, అంతర్వాహినిగా పారుతోందని నమ్మకం. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాలుడిది, ఒకటి ముక్తీశ్వరుడిది. ముక్తీశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీళ్లు లోలోపలే సంగమానికి చేరతాయంటారు. 2025 మే 15 నుంచి 26 దాకా అక్కడ సరస్వతి పుష్కరాలు జరిగితే లక్షల మంది వచ్చి మునిగారు. కనబడని నది కోసం అంత ఎండలో అంతమంది కదిలారు.

ఆ నది ఉందా లేదా? ఈ ప్రశ్నను మనం పక్కకు నెట్టనవసరం లేదు, అలాగని దాన్ని తేల్చేదాకా మిగతా ఆలోచన ఆపుకోనవసరమూ లేదు. తండ్రి అస్తులు కలపడానికి మూటతో వచ్చిన కొడుకును చూద్దాం. దవాఖానలో ఇంకా ముందే చూపించాల్సిందన్న బాధ, దినాలకు చేసిన అప్పు, అన్నదమ్ముల మధ్య మాట పట్టింపు అన్నీ మోసుకుని వచ్చాడు. మూట విప్పి నీళ్లలో వదిలాడు, మూడు మునకలు వేశాడు, ఒడ్డుకు వచ్చి తడి బట్టలతోనే కూలబడి చాలాసేపటికి ఏడ్చాడు. ఆ ఏడుపు ఇంటి దగ్గర రాలేదు. ఇక్కడ వచ్చింది. అతనికి కలిగిన ఊరట నిజం. దాన్ని ఏ హేతువాదమైనా ఒప్పుకోవలసిందే. అయితే ఊరట నిజమైనంత మాత్రాన అతను నమ్మిన కథ నిజమని రుజువు కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మన చర్చల్లో తరచుగా జరిగే పొరపాటు ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం. భక్తుడు ఊరటను చూపించి కథను నిలబెడతాడు, నాస్తికుడు కథను పడగొట్టి ఊరటను కూడా చెత్తబుట్టలో వేస్తాడు.

మరి బుద్ధికి ఇక్కడ పనేమీ లేదా? చాలా ఉంది. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజున, రాజమహేంద్రవరం ఘాట్ దగ్గర తొక్కిసలాటలో రెండు డజన్లకు పైగా యాత్రికులు చనిపోయారు. వాళ్ల నమ్మకం తప్పా ఒప్పా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఒకే ఘాట్‌లో, ఒకే ముహూర్తానికి, ఒకే ద్వారం గుండా అంతమందిని ఎందుకు పోనిచ్చారన్నది ప్రశ్న. పుణ్యం లెక్క ఎవరి మనసుకు వాళ్లది కావచ్చు, జనం లెక్క మాత్రం అందరికీ ఒకటే. నమ్మకాన్ని గౌరవించడమంటే నమ్మినవాడు ప్రాణంతో ఇల్లు చేరేలా చూడటం కూడా. 2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి.

గోదావరి ఘాట్ల దగ్గర పిల్లలు ఒక పని చేస్తుంటారు, నాకు అది చూస్తుంటే పొద్దు తెలియదు. సైకిల్ ట్యూబు ముక్కలతో చుట్టిన లావుపాటి అయస్కాంతాన్ని తాడుకు కట్టి నీళ్లలోకి విసురుతారు, నేల మీద ఈడ్చినట్టు మెల్లగా లాగుతారు. పైకి వచ్చేసరికి దానికి బురదతో పాటు రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అంటుకుని ఉంటాయి. వాటిలో ఇనుము ఎక్కువ కనుక అంటుకుంటాయి. పాత రాగి-నికెల్ బిళ్లలు అంటవు, వాటి కోసం మునిగి చేత్తో దేవుకోవాలి. ఒక ముసలమ్మ కళ్లు మూసుకుని, ఏదో గొణుక్కుని, నుదుటికి ఆనించి విసిరిన బిళ్ల అది. కాసేపటికి అదే బిళ్ల కుర్రాడి నిక్కరు జేబులోకి పోతుంది. ఇది దొంగతనమా? గంగమ్మ సొమ్ము కాజేస్తున్నారని అదిలించే పెద్దలను చూశాం. ముసలమ్మను అడిగితే ఏమంటుందో తెలియదు గానీ, ఆమె ఇచ్చేసింది. ఇచ్చిన క్షణంలోనే ఆమెకు రావలసింది వచ్చేసింది. నది దాన్ని ఖర్చు పెట్టుకోదు. కుర్రాడు సాయంత్రం బజ్జీలు కొనుక్కుంటాడు. ఒక బిళ్ల ఇద్దరికి రెండు రకాలుగా పనికొచ్చింది, మూడోవాడెవడూ నష్టపోలేదు. నీతి గురించి గట్టి గట్టి పుస్తకాలు చెప్పే చాలా సంగతుల కంటే ఇక్కడ లెక్క తేటగా ఉంది.

కానీ ఒడ్డున అందరి కోరికలూ ఇంత సర్దుబాటుగా కలవవు. ఈ సంగతి మన పురాణాలు రాసినవాళ్లకు బాగా తెలుసు. జనగామ జిల్లా బమ్మెర పోతన భాగవతంలో గజేంద్ర మోక్షం తెలియని తెలుగువాడు అరుదు. ఏనుగును పట్టిన ఆ మొసలి పూర్వజన్మలో హూహూ అనే గంధర్వుడు. దేవలుడనే ముని స్నానం చేస్తున్న మడుగులోనే స్త్రీలతో జలక్రీడలాడుతూ, హాస్యానికి ముని కాలు పట్టి లాగాడని, శాపం తగిలి మొసలి అయ్యాడని కథ చెబుతారు. మనం ఎప్పుడూ గజేంద్రుడి ఆర్తినే తలచుకుంటాం గానీ, ఈ వెనుకకథలో ఉన్నది ప్రతి రేవులోనూ ప్రతి ఆదివారమూ జరిగే తగువే. ఒకడు పుణ్యానికి దిగాడు, ఇంకొకడు సరదాకు దిగాడు. ఇద్దరికీ నీళ్లు ఒక్కటే. ఎవరు ఎవరికి తప్పుకోవాలి?

ముని పక్షం వహించడం మనకు అలవాటు. ఆట తక్కువది, జపం ఎక్కువది అని లోపల ఎక్కడో నిర్ణయమైపోయి ఉంటుంది. నేను ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేను. ఇరవై ఏళ్ల కుర్రాడు స్నేహితుల మీద నీళ్లు చల్లుతూ కేరింతలు కొడుతున్నప్పుడు అతను ఎవరి మీదా పెత్తనం చేయడం లేదు, ఎవరి సొమ్మూ లాక్కోవడం లేదు. మంచి బతుకంటే ఏమిటని ఎవరైనా జాబితా రాస్తే అందులో ఆట లేకపోతే ఆ జాబితాను అనుమానించాలి. హూహూ తప్పు ఆడటం కాదు, ఆడటం ఇష్టం లేనివాడి కాలు పట్టి లాగడం. ఇక ముని వైపు చూస్తే, వేళాకోళానికి విధించిన శిక్ష మరీ పెద్దది. ఇది నా ఒక్కడి అభిప్రాయం కావచ్చు.

నీళ్లు ఇచ్చే శిక్ష మాత్రం ఏ మునిదీ కాదు. 2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర గోదావరిలో స్నానానికి దిగిన ఆరుగురు యువకులు మునిగి చనిపోయారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ, ఒళ్లు తెలియని సరదా ఎంత పని చేసిందో చూడండి అనే మాట వెంటనే వస్తుంది. ఆ మాట మనల్ని బాధ్యత నుంచి తప్పిస్తుంది కాబట్టే అంత తొందరగా వస్తుందేమో. ప్రతి వరదకూ నది అడుగు మారిపోతుంది. పోయినేడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు నిలువులోతు ఉండవచ్చు. ఇసుక అంచు కాలి కింద జారిపోతుంది. ఇవి ఈతకు వచ్చే పిల్లలకు ఎవరు చెప్పాలి? ఒక బోర్డు, ఒక తాడు, సెలవు రోజుల్లో ఇద్దరు గజ ఈతగాళ్లు, బడిలో ఈత నేర్పడం వీటికి ఏ తత్వశాస్త్రమూ అడ్డం రాదు. చనిపోయినవాళ్లకు బుద్ధి చెప్పడం కంటే ఇవి కష్టమైన పనులు, అంతే.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. ఘాట్ మెట్ల మీద ఇద్దరు ఒక పాత చీరను రెండు కొసలా పట్టుకుని తెరలా నిలబడతారు. దాని వెనక మూడో ఆమె తడి బట్టలు మార్చుకుంటుంది. ఆమె బయటికి వచ్చి కొస పట్టుకుంటే ఇంకొకరు లోపలికి పోతారు. తెర పట్టుకున్నవాళ్ల కళ్లు మాత్రం చుట్టూ తిరుగుతూనే ఉంటాయి, ఎవడైనా ఫోను ఎత్తాడా అని. మగవాడు నీళ్లలోకి దిగేటప్పుడు లోతొక్కటే చూసుకుంటాడు. ఆమె లోతునూ చూసుకోవాలి, ఒడ్డునూ చూసుకోవాలి. అందుకే చాలామంది ఆడవాళ్లు సముద్రం దాకా పోయి కూడా బ్యాగులకు కాపలా కూర్చుని వస్తారు. అడిగితే, నీళ్లంటే పెద్దగా ఇష్టం లేదంటారు. ఆ జవాబును మనం నిజంగానే నమ్ముతున్నామా?

ఇప్పటిదాకా చూసినవాళ్లు ఒకరితో ఒకరు పోలరు. రైతు, బాయి కార్మికుడు, జాలరి, అస్తుల మూటతో వచ్చిన కొడుకు, అయస్కాంతం కుర్రాడు, తెర పట్టుకున్న ఆమె. వీళ్లందరినీ లాగే ఒకే గుణం ఒడ్డుకు ఉందా? ఉందనే అనుకుంటాను, అది మా నేల చరిత్ర తెలిసినవాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నాలుగెకరాల పంట కోసం దేశ్‌ముఖ్‌తో తలపడింది. అదే పోరులో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. ఈ రెండు ఊళ్లూ ఇప్పటి జనగామ జిల్లాలోనివే. గుంట నేలకు కూడా పేరుండాలి, పహాణీలో ఎక్కాలి, పాసుపుస్తకం కావాలి, గెట్టు రాయి జరిగితే రక్తాలు కారాలి. అలాంటి నేల నుంచి పోయినవాడికి ఒడ్డు మొదట చెప్పే సంగతి ఒకటే: ఇది ఎవరి పట్టా కాదు. ఎక్కడ కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. నువ్వెవరివి, ఏ ఊరు, ఏమిటోళ్లు అని అడిగే వాకిలి లేదు. ఇసుకలో పిల్లవాడు కట్టిన గుడిని అల తీసేస్తుంది, పక్కవాడి కోటనూ తీసేస్తుంది.

ఇది మరీ అందంగా ఉంది కాబట్టి దీన్నీ పరీక్షించాలి. నిజంగా ఎవరూ లెమ్మనలేదా? 1860 నవంబరు 16న, మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అక్కడి చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన కూలీల మొదటి ఓడ అది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవలూ మునిమనవలూ అదే డర్బన్‌లో, అదే సముద్రం ముందు, తెల్లవాళ్ల బీచ్‌లో కాలు పెట్టకూడదన్న చట్టం కింద బతికారు. ఇసుక మీద బోర్డులు పాతి, ఇది తెల్లవారిది, ఇది భారతీయులది, ఇది ఆఫ్రికన్లదని పంచారు. 1989 నవంబరు 16న అధ్యక్షుడు డి క్లర్క్ బీచ్‌లన్నీ అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించాడు. ఓడ రేవు చేరిన తేదీకి సరిగ్గా 129 ఏళ్లు. తేదీలు కలవడం కాకతాళీయమే. అంత దూరం పోనక్కర్లేదు కూడా. 1927 మార్చి 20న అంబేడ్కర్ మహాడ్‌లో దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగితే దాడులు జరిగాయి. మన ఊళ్ల చెరువుల్లో ఏ రేవు ఎవరిదో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. పట్టా లేనంత మాత్రాన నేల అందరిదీ అయిపోదు. ఎవరిదీ కాని చోటు తరచుగా బలమున్నవాడిది అవుతుంది.

అందుకే ఎవరిదీ కాదు అన్న మాటకూ అందరిదీ అన్న మాటకూ నడుమ ఒక చట్టం, ఒక అంతరాత్మ పనిచేయాలి. ఆరో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కాలంలో కూర్చిన న్యాయగ్రంథం గాలి, పారే నీరు, సముద్రం, సముద్రపు ఒడ్డు మనుషులందరి ఉమ్మడి సొత్తు అంది. ఆ ఆలోచనను మన సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ కేసులో తీసుకుంది. హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటల్ కోసం నది దారినే మళ్లించిన వ్యవహారం అది. ఇలాంటి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే అని కోర్టు చెప్పింది. సముద్ర తీరానికి 1991లోనే నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. 2019 నాటి కొత్త నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో నిర్మాణాలు కూడని మేరను రెండు వందల మీటర్ల నుంచి యాభైకి తగ్గించింది. ధర్మకర్త చేతిలో టేపు ఉంది, అది ఎటు లాగితే అటు సాగుతోంది.

గోదావరి ఒడ్డుకు మరో రకం సందర్శకుడు ఉన్నాడు, లారీ వేసుకుని వస్తాడు. మహదేవపూర్ వైపు రీచ్‌ల నుంచి ఇసుక హైదరాబాద్ పోతుంది. ప్రపంచం ఏటా వాడే ఇసుక, కంకర కలిపి దాదాపు 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2022 నివేదిక చెప్పింది. ఎడారి ఇసుక రేణువులు గాలికి అరిగి గుండ్రబడతాయి కాబట్టి కాంక్రీటుకు అంతగా పనికిరావు, అందుకే నది ఇసుకకు అంత గిరాకీ. లారీవాడిని తిట్టుకోవడం సులువే గానీ, ఈ వ్యాసం రాస్తున్న గది గోడల్లోనూ, చదువుతున్న మీ ఇంటి స్లాబులోనూ ఏదో ఒక నది ఒడ్డు ఉంది. మన వాటా లేని తప్పుగా దీన్ని చూడలేం. ఒడ్డును మార్చేది ఇసుక లారీ ఒక్కటే కాదు. మేడిగడ్డ బరాజ్ 2019 జూన్ 21న ప్రారంభమైంది. అప్పుడు నీటిని చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలాయి. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాక నీళ్లు వదిలేశారు, ఇసుక మళ్లీ బయటపడింది. కొన్నేళ్లలోనే ఆ చోటు రెండు మూడు రకాల ఒడ్డులుగా మారింది. ప్రతి మార్పుకూ ఎవరో లెక్కలు వేశారు. ఆ లెక్కల్లో స్నానానికి వచ్చేవాడు, ఆడుకునే పిల్లవాడు, చేపలు పట్టేవాడు ఎంతవరకు ఉన్నారని అడగవచ్చు.

సముద్రం దూరం, గోదావరి మూడింటిలో ఒక్క జిల్లాకే దగ్గర. కానీ చెరువు లేని ఊరు ఇక్కడ తక్కువ. భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం, మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన పెద్దచెరువు కాకతీయుల నాటివి. నిండా నీళ్లున్నప్పుడు మునిగి, ఎండాకాలంలో బయటపడే ఆ అంచును మనవాళ్లు శిఖం అంటారు. అది మన బీచ్. బర్రెలు పడుకునేది, పిల్లలు క్రికెట్ ఆడేది, బతుకమ్మలు సాగనంపేది, గణపతిని నిమజ్జనం చేసేది, చాకలి రేవు పెట్టుకునేది, మత్స్య సహకార సంఘం వలలు ఆరేసేది అక్కడే. చిన్న చోటే గానీ ఇన్ని రకాల మనుషులకు చోటిస్తుంది. కానీ అదే శిఖంలో ముందు ఒకడు జొన్న చల్లుతాడు, తర్వాత ఇంకొకడు కడీలు పాతుతాడు, ఆ పైన ఎవడో మట్టి పోసి ప్లాట్లు చేస్తాడు. చివరికి కాగితం కూడా పుడుతుంది. చెరువు తగ్గిపోయిందని అప్పుడు అందరమూ అంటాం.

కాబట్టి ఈ ఎండాకాలం సూర్యలంక పోయేవాళ్లు సంతోషంగా పోయి రండి, పిల్లలను కళ్ల ముందే ఉంచుకోండి, ఇంట్లో ఆడవాళ్లను బ్యాగుల దగ్గర కూర్చోబెట్టకండి. తిరిగి వచ్చాక ఒక పని చేయండి. మీ ఊరి చెరువు శిఖం రికార్డు ప్రకారం ఎన్ని ఎకరాలు, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మేర) హద్దు రాళ్లు పాతారా లేదా అని తహసీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. జవాబు వచ్చాక ఆ కాగితాన్ని గ్రామసభలో అందరి ముందు చదివించండి.